రెప్పపాటులో వందో వంతు

పోయినేడాది యాన్యువల్ డే. క్లబ్ తరఫున ఫోటోలు తీసే పని నా మీద పడింది. చేతిలో ఒక సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకున్న డీఎస్‌ఎల్‌ఆర్. డయల్ ఆటో మీద ఉంది. మా రూమ్మేట్ డప్పు టీమ్‌లో ఉన్నాడు. వాళ్ళమ్మగారు రాత్రి బస్సెక్కి ఊరి నుంచి వచ్చారు. మా కాలేజీకి రావడం ఆవిడకి అదే మొదటిసారి. ఎనిమిది నిమిషాల ప్రోగ్రామ్‌కి నేను 212 ఫోటోలు కొట్టాను. కెమెరా వెనకున్న చిన్న స్క్రీన్‌లో అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి. హాస్టల్‌కి వచ్చి ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే గుండె జారిపోయింది. స్టేజీ వెనకున్న బ్యానర్ మీద అక్షరాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మనుషులు ఉండాల్సిన చోట రంగు మరకలున్నాయి.

"మామా, మా అమ్మ ఒక్క ఫోటో అడుగుతోంది రా. ముఖం కనపడేది చాలు" అన్నాడు వాడు. 212లో ముఖం కనపడేది ఒక్కటీ లేదు.

కెమెరా ఇచ్చిన సీనియర్ ఫైల్ వివరాలు తెరిచి ఒక అంకె చూపించాడు: 1/15. "హాల్లో లైట్ తక్కువ కాబట్టి కెమెరా షట్టర్‌ని అంతసేపు తెరిచి ఉంచింది. దాని లెక్కలో దాని పని కరెక్టే. అక్కడ గంతులేస్తున్నది మనిషని దానికేం తెలుసు తమ్ముడూ? నువ్వు చెప్పాలి" అన్నాడు.

అలా కెమెరాకి చెప్పడం ఎలాగో నేర్చుకోవడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది. మీకు ఒక పావుగంట చాలు. కెమెరా లేకపోయినా ఫర్వాలేదు, ఫోన్ ఉన్నా సరిపోతుంది.

షట్టర్ చేసే రెండు పనులు

కెమెరాలో సెన్సర్ ముందు ఒక తలుపు ఉంటుంది. బటన్ నొక్కగానే తెరుచుకుంటుంది, కాసేపాగి మూసుకుంటుంది. ఆ "కాసేపు" ఎంతసేపన్నదే షట్టర్ స్పీడ్. పేరులో స్పీడ్ ఉంది గానీ నిజానికి అది వేగం కాదు, కాలం. 1/15 అంటే సెకనులో పదిహేనో వంతు, 1/1000 అంటే సెకనులో వెయ్యో వంతు. మనం మాటవరసకి "రెప్పపాటులో" అంటాం కదా, కనురెప్ప ఒకసారి పడి లేవడానికి సుమారుగా సెకనులో పదో వంతైనా పడుతుంది. అంటే 1/1000 అనేది రెప్పపాటులో వందో వంతు. సంస్కృతంలో నిమిషం అన్నా మొదట రెప్పపాటు అనే అర్థం, మనం దాన్ని అరవై సెకన్లకి సాగదీసుకున్నాం. కెమెరా మాత్రం అటు వెయ్యో వంతుకీ వెళ్తుంది, ఇటు అరనిమిషానికీ వెళ్తుంది.

ఈ తలుపు తెరిచి ఉన్నంతసేపూ రెండు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. ఒకటి, లోపలికి వెలుతురు పోగవుతుంది. రెండు, ఎదుటి మనిషి ఏం కదిలినా ఆ కదలిక కూడా అదే ఫోటోలో పోగవుతుంది. మొదటిది ఎక్స్‌పోజర్, రెండోది బ్లర్. తలనొప్పంతా ఎక్కడంటే, రెండింటికీ మీట ఒక్కటే. వెలుతురు కావాలని ఎక్కువసేపు తెరిస్తే కదలిక కూడా ఎక్కువ వస్తుంది. కదలిక వద్దని తొందరగా మూసేస్తే ఫోటో చీకటైపోతుంది.

రెట్టింపుల లెక్క

కుళాయి కింద బిందె పెట్టామనుకోండి. కుళాయి ఎంత తిప్పామన్నది అపర్చర్. ఎంతసేపు తిప్పి ఉంచామన్నది షట్టర్. కొంచెం తిప్పి ఎక్కువసేపు ఉంచినా బిందె నిండుతుంది, బాగా తిప్పి తక్కువసేపు ఉంచినా నిండుతుంది.

మూడోది ఐఎస్‌ఓ. దీన్ని బిందెతో కంటే ఆంప్లిఫయర్‌తో పోల్చడం మేలు. సెన్సర్ మీద పడిన సిగ్నల్ తక్కువైతే దాన్ని పెంచి చూపిస్తుంది. సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా పెద్దదవుతుంది, అందుకే ఫోటోలో ఇసక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. ఈసీఈ వాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. నిజానికి నాయిస్‌కి అసలు కారణం ఐఎస్‌ఓ పెంచడం కాదు, వెలుతురు తక్కువ పడటం.

ఫోటోగ్రఫీలో కొలత "స్టాప్". ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడం, లేదా సగం కావడం. షట్టర్ వరస ఇలా ఉంటుంది: 1/15, 1/30, 1/60, 1/125, 1/250, 1/500, 1/1000. ఒక్కో మెట్టుకీ వెలుతురు సగమవుతుంది. ఐఎస్‌ఓ వరస: 100, 200, 400, 800, 1600, 3200, 6400, 12800. ఒక్కో మెట్టుకీ రెట్టింపు. అపర్చర్ వరస మాత్రం వింతగా ఉంటుంది: ఎఫ్ 2, 2.8, 4, 5.6, 8, 11, 16. ఒక్కో అంకెనీ రూట్ రెండుతో, అంటే 1.414తో గుణిస్తే తర్వాతది వస్తుంది. ఎందుకంటే ఈ అంకెలు రంధ్రం వ్యాసానికి సంబంధించినవి, వెలుతురు మాత్రం వైశాల్యాన్ని బట్టి వస్తుంది. వ్యాసం 1.414 రెట్లు తగ్గితే వైశాల్యం సగమవుతుంది. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు నా 212 ఫోటోల కేసు చూద్దాం. కెమెరా ఎంచుకున్నది 1/15, ఎఫ్ 5.6, ఐఎస్‌ఓ 800. నాకు కావాల్సింది 1/250. మధ్యలో ఎన్ని మెట్లు? 1/15 నుంచి 1/30, 1/60, 1/125, 1/250. నాలుగు స్టాపులు. అంటే వెలుతురు పదహారో వంతుకి పడిపోతుంది. ఆ నాలుగూ ఎక్కడో ఒక చోట తిరిగి సంపాదించాలి. నా కిట్ లెన్స్ బాగా జూమ్ చేశాక ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. కాబట్టి మొత్తం భారం ఐఎస్‌ఓ మీదే పడుతుంది: 1600, 3200, 6400, 12800. చుక్కలు బాగానే కనిపిస్తాయి. అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఉంటే? ఎఫ్ 5.6 నుంచి 4, 2.8, 2 అని మూడు స్టాపులు అక్కడే దొరుకుతాయి. ఐఎస్‌ఓ ఒక్క మెట్టు ఎక్కి 1600 దగ్గర ఆగుతుంది. స్టేజీ ఫోటోలు తీసేవాళ్ళు జూమ్ లేని ఆ చిన్న లెన్స్ అంటే ఎందుకు ప్రాణం పెడతారో నాకు అప్పుడు అర్థమైంది.

లెన్స్ కొనే డబ్బులు లేకపోతే ఐఎస్‌ఓ పెంచడానికి భయపడకండి. చుక్కలున్న ముఖం ముఖమే. చెదిరిపోయిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా వెనక్కి తేలేదు.

ఎంత కదిలితే ఎంత చెదురుతుంది

ఇది ఇంటర్ ఫిజిక్సే. దూరం అంటే వేగం ఇంటూ కాలం. డప్పు కొడుతూ అడుగేసే మనిషి తల సెకనుకి 1 మీటర్ వేగంతో కదులుతోందనుకుందాం. 1/15 సెకనులో అది సుమారు 6.7 సెంటీమీటర్లు జరుగుతుంది. మనిషి ముఖం వెడల్పు ఓ 15 సెంటీమీటర్లు. అంటే దాదాపు సగం ముఖమంత మేర చెదిరిపోయింది. 1/250లో అయితే అదే తల 4 మిల్లీమీటర్లే జరుగుతుంది. పుల్ల పట్టుకున్న చెయ్యి ఇంకా వేగం. సెకనుకి 3 మీటర్లు అనుకుంటే 1/15లో 20 సెంటీమీటర్లు, 1/250లో 1.2 సెంటీమీటర్లు, 1/1000లో 3 మిల్లీమీటర్లు.

మరి కెమెరా స్క్రీన్‌లో ఎందుకు బాగా కనిపించాయి? ఫ్రేమ్‌లో స్టేజీ 6 మీటర్ల వెడల్పు పట్టిందనుకోండి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో అడ్డంగా 6000 పిక్సెళ్ళు ఉంటుంది. అంటే పిక్సెల్‌కి 1 మిల్లీమీటర్. ముఖం 67 పిక్సెళ్ళ మేర చెదిరింది. కానీ కెమెరా వెనక స్క్రీన్ వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లే. దాని మీద ఆ చెదురు ఒక మిల్లీమీటర్ కూడా లేదు, కంటికి ఆనలేదు. ల్యాప్‌టాప్‌లో నాలుగు మిల్లీమీటర్లైంది. కాబట్టి తీసిన వెంటనే ఒక ఫోటోని పూర్తిగా జూమ్ చేసి కళ్ళ దగ్గర చూడండి. ఆ ఐదు సెకన్ల పని నేను చేసుంటే మిగతా 200 ఫోటోలు బాగుపడేవి.

ఇంకో రెండు విషయాలు. మీకు అడ్డంగా పరిగెత్తే మనిషి ఎక్కువ చెదురుతాడు, నేరుగా మీ వైపు వచ్చే మనిషి తక్కువ చెదురుతాడు. కబడ్డీ కోర్టులో పక్కన నిలబడటానికీ, ఎదురుగా నిలబడటానికీ ఒకట్రెండు స్టాపుల తేడా రావచ్చు. రెండోది, ఎగిరినవాడు పైకి చేరాక క్షణకాలం ఆగుతాడు. 45 సెంటీమీటర్లు ఎగరాలంటే నేల వదిలేటప్పుడు వేగం సెకనుకి సుమారు 3 మీటర్లుండాలి. పైన అది సున్నా. సున్నాకి అటూ ఇటూ పదో వంతు సెకను తీసుకున్నా వేగం 1 మీటర్ దాటదు. అందుకే లైట్ తక్కువున్నప్పుడు ఎగిరే ఊపులో కాకుండా, ఎగిరిన శిఖరం దగ్గర నొక్కండి. నృత్యంలో అయితే భంగిమ నిలిపిన చోట, తాళం పడిన చోట. కాస్త తాళజ్ఞానం ఉన్నవాడికి షట్టర్ ఒక స్టాప్ ఉచితంగా ఇస్తుంది.

మన చెయ్యి కదలడం వేరు

బ్యానర్ అక్షరాలు శుభ్రంగా ఉన్నాయన్నాను కదా. చేతి వణుకుని లెన్స్‌లోని స్టెబిలైజేషన్ సర్దేసింది. అది మన వణుకునే ఆపుతుంది, ఎదుటివాడి గంతుల్ని ఆపలేదు. బొమ్మ మొత్తం చెదిరితే తప్పు మన చేతిది. వెనకదంతా బాగుండి మనిషి మాత్రం చెదిరితే తప్పు షట్టర్‌ది. ఫోటో చూడగానే ఈ తేడా కనిపెడితే సగం రోగం కుదిరినట్టే.

చేతి వణుకుకి పాత సూత్రం ఒకటుంది: లెన్స్ ఫోకల్ లెంగ్త్ ఎంతో, షట్టర్ దానికి విలోమంగా అంతకంటే నెమ్మది కాకూడదు. 200 ఎంఎంకి 1/200. మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే చిన్న సెన్సర్ కెమెరాల్లో దాన్ని 1.5తో గుణించాలి, అంటే సుమారు 1/300.

ఈ తలుపుకి ఒక చరిత్ర ఉంది

1838లో దగెర్ పారిస్‌లో బులెవార్ద్ దు తాంప్ల్ అనే వీధిని ఫోటో తీశాడు. అప్పటి పలకల మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. రద్దీ వీధే, బళ్ళూ మనుషులూ తిరుగుతూనే ఉన్నారు. ఫోటోలో మాత్రం వీధి ఖాళీ. కదిలినవాళ్ళెవరూ ఒక చోట సరిపడా సేపు నిలవలేదు కాబట్టి ఎవరూ మిగల్లేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిన ఒకాయన మాత్రం మిగిలాడు. మనిషి కనిపించే తొలి ఫోటోల్లో అదొకటి. నా యాన్యువల్ డే ఫోటోల్లో బ్యానర్ మిగిలి మనుషులు పోవడానికీ కారణం ఇదే.

నలభై ఏళ్ళ తర్వాత, 1878లో, కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రాన్ని తీశాడు. పరుగులో గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉంటాయా లేదా అన్నది ప్రశ్న. ట్రాక్ పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం తగిలినకొద్దీ ఒక్కో షట్టర్ పడింది. జవాబు: ఉంటాయి. కానీ చిత్రకారులు అప్పటిదాకా గీసినట్టు కాళ్ళు ముందుకీ వెనక్కీ చాచినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. వందల ఏళ్ళుగా అందరి కళ్ళ ముందే ఉన్న విషయాన్ని కన్ను పట్టుకోలేకపోయింది, షట్టర్ పట్టుకుంది.

మూడో ఆయన మన జాతివాడు: ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్. తిరిగే మోటార్లని పరిశీలించడానికి స్ట్రోబ్ లైటు మీద పనిచేస్తూ ఫోటోగ్రఫీలోకి వచ్చాడు. పాలచుక్క పడి కిరీటంలా లేచిన 1957 నాటి ఫోటో, ఆపిల్‌లోంచి బుల్లెట్ దూసుకుపోయే 1964 నాటి ఫోటో ఆయనవే. అక్కడ కిటుకు షట్టర్‌లో లేదు. చీకటి గదిలో కెమెరా తెరిచి ఉంచి, అత్యల్ప కాలం పాటు ఫ్లాష్ వెలిగించాడు. వెలుతురు ఉన్నంతసేపే బొమ్మ పడుతుంది కాబట్టి ఫ్లాషే షట్టర్ అయింది.

కావాలని చెదరనివ్వడం

ఇదంతా చదివి అన్నిటికీ 1/1000 పెట్టేయకండి. తిరుగుతున్న చక్రం 1/1000లో ఆగిపోయి, బండి స్టాండ్ వేసినట్టు కనిపిస్తుంది. కదలిక కనపడాలంటే కొంత చెదరాలి.

పానింగ్: 1/30 దగ్గర పెట్టి, వెళ్తున్న బైక్‌తో పాటు కెమెరాని తిప్పుతూ నొక్కండి. నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. బైక్ నిలుస్తుంది, వెనక గోడలూ చెట్లూ గీతలవుతాయి. పదిసార్లు తీస్తే ఒకటి కుదురుతుంది, నిరాశ పడొద్దు.

నీళ్ళు: జలపాతం 1/1000లో గాజు ముక్కల్లా కనిపిస్తుంది, 1 సెకనులో పట్టుచీరలా జారుతుంది. రెండోదానికి ట్రైపాడ్ కావాలి, లేకపోతే రాయి మీద బ్యాగ్ పెట్టి దాని మీద కెమెరా ఉంచి, 2 సెకన్ల టైమర్ వాడండి. పగటి వెలుతురులో అంతసేపు తెరిస్తే ఫోటో తెల్లకాగితం అవుతుంది కాబట్టి ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లటి అద్దం తగిలిస్తారు. 10 స్టాపుల ఫిల్టర్ అంటే రెండు టు ది పవర్ పది, వెలుతురులో 1024వ వంతే లోపలికి వస్తుంది. ఫిల్టర్ లేకుండా 1/60 రావాల్సిన చోట దానితో 17 సెకన్లు వస్తుంది. వైజాగ్ బీచ్‌లో పొద్దున్నే 17 సెకన్లు తెరిస్తే అలలు పొగమంచులా మారిపోతాయి.

దీపావళి: కాకరపువ్వొత్తితో గాల్లో పేరు రాయాలంటే 4 నుంచి 8 సెకన్లు పెట్టండి. రాసేవాడు కెమెరా వైపు నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి ఉంటాయి, తర్వాత ఫోటోని అద్దంలో చూసినట్టు తిప్పితే సరి.

లైట్లతో ఒక చిక్కు

మన కరెంటు 50 హెర్ట్జ్. సైకిల్‌కి రెండుసార్లు చొప్పున పాత ట్యూబ్‌లైట్లూ, చవక ఎల్‌ఈడీలూ సెకనుకి 100 సార్లు మెరిసి తగ్గుతుంటాయి. కంటికి తెలీదు. 1/100 పెడితే ఒక పూర్తి మెరుపు లోపలికి వస్తుంది, 1/50కి రెండు. 1/1000 పెడితే మెరుపులో పదో వంతే వస్తుంది. ఒక ఫోటో వెలుతురుగా, పక్కది చీకటిగా వస్తాయి, లేదా ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. ఇండోర్ బ్యాడ్మింటన్ తీసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. చారలు వస్తే 1/100కి దిగండి. స్టేజీకి 1/250 కావాల్సి వస్తే ప్రోగ్రామ్‌కి ముందే ఒకసారి తీసి చూసుకోండి.

ఏ మోడ్, ఏ ఫోన్

కెమెరా డయల్ మీద ఎస్ అనో టీవీ అనో ఉంటుంది. టీవీ అంటే టెలివిజన్ కాదు, టైమ్ వాల్యూ. షట్టర్ మీరు చెప్తే అపర్చర్ అది చూసుకుంటుంది. ఎండలో ఇది హాయి. చీకటి హాల్లో మాత్రం అపర్చర్ పూర్తిగా తెరిచినా చాలకపోతే ఫోటో నల్లగా వచ్చేస్తుంది. అక్కడ నేను వాడేది మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్‌ఓ. షట్టర్ 1/250, అపర్చర్ లెన్స్ తెరిచినంత. మిగతాది ఐఎస్‌ఓ చూసుకుంటుంది.

ఫోన్లలో చాలావాటికి అపర్చర్ మారదు. చేతిలో ఉన్నవి షట్టర్, ఐఎస్‌ఓ, ఈ రెండే. ప్రో మోడ్‌లో రెండూ దొరుకుతాయి. నైట్ మోడ్ చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి గుడి గోపురానికి బాగుంటుంది, డాన్స్‌కి పనికిరాదు.

హాస్టల్ రూమ్‌లో ల్యాబ్

ఇవాళే చేయదగ్గ ప్రయోగం. ప్రో మోడ్‌లో సీలింగ్ ఫ్యాన్‌ని కింద నుంచి 1/15, 1/60, 1/1000 దగ్గర మూడు ఫోటోలు తీయండి. ఫ్యాన్ నిమిషానికి 300 చుట్లు తిరుగుతోందనుకుంటే సెకనుకి 5 చుట్లు, అంటే 1800 డిగ్రీలు. 1/1000లో రెక్క 1.8 డిగ్రీలే తిరుగుతుంది, దాదాపు ఆగినట్టే. 1/60లో 30 డిగ్రీలు. 1/15లో 120 డిగ్రీలు, మూడు రెక్కల ఫ్యాన్‌లో ఒక రెక్క పక్క రెక్క చోటికి చేరిపోతుంది, కనిపించేది ఒక పళ్ళెం. ఇదే లెక్కని తిరగేయండి: 1/60 ఫోటోలో రెక్క ఎన్ని డిగ్రీలు చెదిరిందో ప్రొట్రాక్టర్‌తో కొలిస్తే మీ ఫ్యాన్ ఆర్‌పీఎం వచ్చేస్తుంది. చెదిరిన వెడల్పులోంచి రెక్క సొంత వెడల్పు తీసేయడం మర్చిపోవద్దు. మా రూమ్ ఫ్యాన్ ఐదు మీద కూడా ఎందుకు గాలి ఇవ్వట్లేదో మాకు అలాగే తెలిసింది.

ఈ ఏడాది ఫ్రెషర్స్ డేకి డప్పు టీమ్ మళ్ళీ ఎక్కింది. 1/250, ఎఫ్ 5.6, ఐఎస్‌ఓ 12800 దాకా పోయింది. చుక్కలున్నాయి. పుల్ల పట్టిన చెయ్యి కొంచెం చెదిరింది, ముఖం నిలిచింది. వాళ్ళమ్మగారు ఈసారి రాలేకపోయారు. ఫోటో వాట్సాప్‌లో పంపాం. పది నిమిషాలకి ఫోన్ వచ్చింది. రూమ్మేట్ స్పీకర్‌లో పెట్టాడు.

"ఏరా, బుగ్గలు అట్లా పీక్కుపోయాయేంటి? మెస్‌లో సరిగ్గా తింటున్నావా లేదా?"